ఖాళీ కాగితం మీది మొహరు

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, ఎండకాలం. చెన్నూరుకు రెండు కోసుల దూరంల మా ఊరు. దొర జగన్మోహన్‌రావు గడిల మిట్టమధ్యాహ్నం నేను పాత పుస్తకాలకు పట్టిన చెదలు దులుపుతున్న. బడి మెట్టు ఎక్కనిదాన్ని. ముసలి మున్షీని బతిమాలి ఉర్దూ, ఫార్సీ నేర్చుకున్న. ఊరి మొగోళ్లకు నా నోరంటే హడల్, నా రాతతోటి మాత్రం అవసరం. మా ఊరి ముసల్ది పోశవ్వ, అత్తమామల కాలం నుంచి దున్నుకుంటున్న నాలుగెకరాల చెల్క పట్టా చెయ్యాలని అర్జీ రాసిచ్చింది గూడ నేనే.

దొర వచ్చి తలుపులేసిండు. గది చీకటైంది. చెదల మట్టి వాసన, పాత తోలు వాసన. లాంతరు ముట్టించి, రేకు గొట్టంల నుంచి ఒక కాగితం తీసి పరిచిండు. అక్షరం లేదు. అడుగున నల్లటి మొహరు ముద్ర ఒక్కటే ఉన్నది.

"మా తాతల తాత బీదరు సుల్తాను కచేరీల రాతగాడు. గిది వజీరు మొహరు. పైన ఫార్సీల రాయి... పోశవ్వ చెల్క మాకు ఇనామిచ్చినట్టు."

నవ్వొచ్చింది నాకు.

"దొరా, గా వజీరు ఎట్ల సచ్చిండో ఎరుకేనా? బీదరుల మదర్సా కట్టించినోడు. పగోళ్లు మొహరు గుద్దేటోనికి సారా తాపి, ఉత్త కాగితం మీద గుద్దిచ్చుకున్నరు. పైన రాజద్రోహం రాసి, తాగున్న సుల్తాను ముందట పెట్టిన్రు. 'మొహరు నాదే, రాత నాది కాదు' అన్నడు ముసలాయన. ఇననేలే. మెడ నరికిచ్చిండు. ఇంట్ల సోదా చేస్తె దొరికిందేంది? చాప, మట్టికుండలు, పిల్లలు చదివే పుస్తకాలు."

"నీకు కథలెక్కువ, నర్మదా. గీ గదిల పుస్తకాలన్నీ నీయే. రాయి."

మూడు వందల పుస్తకాలు. నా జన్మల ఆకలంటే అదొక్కటే. పోశవ్వ మొఖం యాదికి రాలేదా? వచ్చింది. అబద్ధమెందుకు... అయినా రాసిన.

మొదటి వరుస రాస్తుంటెనే వేళ్లు సల్లబడ్డయి. రెండో వరుస. నా కలం చప్పుడు వెంట ఇంకో కలం చప్పుడు. నేను ఆపిన. అది ఆగలే. కిర్రు... కిర్రు... చెవి పక్కన్నే. పచ్చి రక్తం వాసన. కాగితం దిక్కు చూసిన. నాది కాని దస్తూరి, ఇంకా తడి ఆరలే...

మొహరు నాదే. రాత నాది కాదు.

"దొరా... గిది చూడున్రి..."

"ఏమున్నది చూసేటందుకు? నీ రాతే. జర జల్ది కానియ్యి."

కండ్లు తుడుసుకున్న. మళ్ల చూస్తె లేదు. చివరి దాకా రాసిన.

చెన్నూరు కచేరీల ఆ కాగితం చూపి దొర గెలిచిండు. పోశవ్వను మెడవట్టి గెంటిన్రు. మూడోనాడు ఆ చెల్క గట్టు మీదనే చచ్చిపడింది. నోటి నిండ ఆ మన్నే.

నేను పుస్తకాలు రెండు బండ్ల మీద ఇంటికి తెచ్చుకున్న. పెద్ద కట్టె సందుగల పెట్టి తాళమేసిన.

ఆ వారమే సందుగల పుట తిప్పిన చప్పుడయింది. మూతకు చెవి ఆనిచ్చిన. లోపల ఎవరో చదువుతున్నరు. ఫార్సీ. తప్పు లేదు, తడబాటు లేదు. గొంతు పోశవ్వది. ఓనమాలు రాని పోశవ్వది.

రోజుకు ఒక్క పుట. అంతే చదువుతది.

ఇయ్యాల బీదరు వజీరు కథ వచ్చింది. దొంగరాత రాసినోని పేరు కాడ, పుట నడుమ ఆగింది. మెల్లగ, బతికున్నప్పుడు అర్జీ రాయించుకోను వచ్చినప్పుడు అడిగినట్టే అడిగింది:

"బిడ్డా... గీడ నీ పేరెందుకున్నది?"