ఖాళీ రోజుల చార్టు

లంచ్ బెల్ కొట్టి ఐదు నిమిషాలైనా కాలేదు. ఫిన్నీ పరుగెత్తుకొచ్చి సంయుక్త పక్కన కూలబడ్డాడు.

"నీ చార్టు ఫొటో మా బాబాయి వాళ్ల ఊరి గ్రూపులోకి కూడా వెళ్లింది, తెలుసా!"

సంయుక్త ముఖం వెలిగిపోయింది. "మీ బాబాయి వాళ్లది సముద్రం దగ్గర కదా?"

"ఆఁ, మడ అడవి పక్కనే. కానీ దాని కింద ఎవడో రాశాడంట. 'అయితే బుధ, గురువారాలు పడవ రాదన్నమాట' అని. పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టాడంట."

సంయుక్త చేతిలోని ముద్ద మళ్లీ బాక్సులో పెట్టేసింది.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. అక్కడ బావురుపిల్లులుంటాయి. నీళ్లలోకి దూకి చేపలు పట్టే అడవిపిల్లులు అవి. ఇప్పుడు ఎక్కువ మిగల్లేదు. వేటగాళ్లు ఉచ్చులు పెట్టకుండా రత్తయ్య గారూ, ఆయన జట్టూ పడవ మీద గస్తీ తిరుగుతారు. డీజిల్ చాలక వాళ్లు రోజూ తిరగలేకపోతున్నారని శాలిని టీచర్ చెప్పగానే ఆరో తరగతంతా చందాలకి బయలుదేరింది.

చార్టు ఆలోచన సంయుక్తదే. గుళ్లో అన్నదానం బోర్డు మీద ఏ రోజు ఎవరి పేరు మీదో రాస్తారు కదా, అలాగే తనూ ఏడు రోజులూ వరసగా రాసింది. చందా ఇచ్చినవాళ్ల పేరు వాళ్ల రోజు పక్కన రాసింది. శుక్రవారం పక్కన బాలసరస్వతి గారి పేరుంది. కింది ఫ్లాటు అచ్యుతరామారావు తాతయ్య భార్య ఆవిడ. పోయిన ఏడాది చనిపోయారు. "ఆవిడ పేరు మీద పడవ వెళ్లే రోజున దండం పెట్టుకుంటానమ్మా," అన్నారు తాతయ్య.

బుధ, గురువారాలకి మాత్రం ఎవరూ దొరకలేదు. వాటి పక్కన ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాసింది: "ఖాళీ! దాత కావలెను." అమ్మ దాన్ని ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. అక్కడితో ఆగుతుందా! ఆ ఫొటో ఊళ్లు పట్టుకు తిరిగింది.

కాపలా లేని రోజులేవో తనే దండోరా వేసినట్టయింది. పైగా ఈరోజు బుధవారం.

క్లాసు గోడకి రత్తయ్య గారు పంపిన ఫొటో అంటించి ఉంది. తల్లి బావురుపిల్లి, రెండు పిల్లలు. సంయుక్త అటు చూడలేకపోయింది.

రేపు ప్రేయర్‌లో ఆ చార్టుకి ప్రైజు ఇస్తారు. చెబితే ప్రైజు పోతుంది, తిట్లు పడతాయి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఫిన్నీకే సరిగ్గా అర్థం కాలేదు. వాడు హాయిగా పులిహోర తింటున్నాడు.

గోడ మీది ఫొటో వైపు తలెత్తి చూసింది. తర్వాత బాక్సు మూసేసి స్టాఫ్‌రూమ్‌కి పరుగెత్తింది.

అంతా విన్నాక శాలిని టీచర్ ఫోన్ తీశారు. సిగ్నల్ లేదు. మళ్లీ చేశారు. లేదు. మూడోసారి రత్తయ్య గారు ఎత్తారు.

"ఇయ్యాల పడవకి డీజిలు లేదండి టీచరు గారూ. శుక్రారానికి గానీ రాదు." ఆయన పక్కవాళ్లతో ఏదో మాట్లాడారు. "పర్లేదండి, గెడకర్ర ఉంది. గెడేసుకుని పోతాం."

మధ్యాహ్నం పీరియడ్లలో ఏం చెప్పారో సంయుక్తకి ఒక్క ముక్క ఎక్కలేదు. నాలుగింటికి స్కూలు వదిలారు. ఆటో అంకుల్ హారన్ కొడుతున్నా ఆమె కదల్లేదు. టీచర్ ఆయన్ని పంపించేసి, సంయుక్త వాళ్ల అమ్మకి ఫోన్ చేశారు. ఫొటో వెంటనే తీసేయమని చెప్పి, వచ్చి సంయుక్త పక్కనే కూర్చున్నారు.

అయిదూ పదికి ఫోన్ మోగింది. రత్తయ్య గారే; టీచర్ స్పీకర్ ఆన్ చేశారు.

"మూడు ఉచ్చులు దొరికినయ్యండి. కొత్త వైరు. మూడోదాంట్లో పిల్లి పిల్ల కాలు ఇరుక్కుంది. వైరు కోసి వదిలేశాం. నా వేలు కొరికి మరీ పోయింది."

"బతుకుతుందా అండీ?" సంయుక్త ఫోన్ దగ్గరికి వంగి అడిగింది.

"కుంటుతా ఎల్లిందమ్మా. తల్లి పక్కనే ఉంది. చూడాలి."

"ఆ చార్టు రాసింది నేనేనండీ." ఏడుపు ఆగలేదు సంయుక్తకి.

"చెప్పింది కూడా నువ్వేగా. లేకపోతే శుక్రారం దాకా ఎల్లేవోళ్లం కాదు," అన్నారు రత్తయ్య గారు.

మర్నాడు ప్రేయర్‌లో సంయుక్త మైకు ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. చార్టు తనే చింపింది. ప్రైజు ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

ఆదివారం సాయంత్రం కొత్త చార్టు పట్టుకుని కింది ఫ్లాటు తలుపు తట్టింది. దాని మీద మిగతా దాతల పేర్లే ఉన్నాయి, రోజులు లేవు.

అచ్యుతరామారావు తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "ఇదేంటమ్మా, మా ఆవిడ శుక్రవారం ఏమైంది? ఆ పడవ ఏ రోజు వెళుతుందిప్పుడు?"

వారం కిందటైతే ఆ ప్రశ్నకి సంయుక్త గర్వంగా జవాబు చెప్పేది.

"తప్పకుండా వెళుతుంది తాతయ్యా. ఏ రోజో మాత్రం ఎవరికీ చెప్పకూడదు. నేనూ అడగలేదు. మొన్న నా చార్టు చూసే ఉచ్చులు పెట్టారు." జరిగిందంతా చెప్పింది.

తాతయ్య చార్టు ఒకసారి చేతిలోకి తీసుకుని తిరిగి ఇచ్చారు. "ఏ రోజో తెలీకపోతే ఎలాగమ్మా? ఇక రోజూ దండం పెట్టుకోవాలి, అంతేగా," అన్నారు.

సంయుక్త స్కెచ్ పెన్ను మూత తీసింది. బాలసరస్వతి గారి పేరు గుండ్రంగా రాసి, పక్కన ఏమీ రాయకుండా మూత పెట్టేసింది.