కాళ్ల కింద పీట

మారప్ప ఉప్మాకు ఎర్రగడ్డలు తరుగుతుండగా ముందుగదిలో వర్షిత బల్లను అరచేత్తో కొట్టింది. ఒక్క దెబ్బే. దాని అర్థం ఆయనకు తెలుసు. ఈ నెలలో ఇది మూడోసారి.

"పోయిందా?" అని వంటింట్లోంచే అడిగాడు.

"పోయింది."

ఎప్పటిలాగే తెర మీద ముందు రంగు గీతలు వచ్చాయి. తర్వాత బొమ్మ ముక్కలైంది. ఆ తర్వాత నలుపు. కంప్యూటర్ డబ్బా లోపల ఫ్యాన్లు మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ కంప్యూటర్ ఇంటికి వచ్చి నలభై రోజులు. వర్షిత ఇళ్ల బొమ్మలు చేస్తుంది. పునాది కూడా పడని ఇల్లు పూర్తయ్యాక ఎట్లా ఉంటుందో, కిటికీలతో, రంగులతో, గోడ మీద పడే ఎండతో సహా తెర మీద చూపిస్తుంది. కుప్పంలో ఇళ్లు కట్టించే హరినాథ్ ఆమె పని చూసి, పుంగనూరులో ఇంట్లోనే కూర్చుని చేసుకోమన్నాడు. అలాంటి బొమ్మలకు మామూలు కంప్యూటర్ చాలదు. లోపల గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది పోయిందంటే పని పోయినట్టే.

మొదటి కార్డు వారానికే చచ్చింది. మదనపల్లెలో కంప్యూటర్ అమ్మిన రఫీ మారు మాట్లాడకుండా కొత్త కార్డు వేసి ఇచ్చాడు. అదీ మొరాయించింది. అంగడికి తీసుకుపోతే బాగా నడిచింది. ఇంటికి తెస్తే మళ్లీ ఇదే. నాలుగు ఇళ్ల బొమ్మలు శనివారం లోపల రాకపోతే, సోమవారం నుంచి కుప్పం వచ్చి ఆఫీసులో కూర్చోమని హరినాథ్ చెప్పేశాడు. హాస్టల్ కూడా తనే చూస్తానన్నాడు. ఈ రోజు శుక్రవారం.

మారప్ప కూతుర్ని పోవద్దనలేదు. అట్లా అనడం ఆయనకు చేతకాదు. బదులుగా కంప్యూటర్‌ను తిట్టాడు, రఫీని తిట్టాడు, ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని తనను తాను తిట్టుకున్నాడు.

ఆ కంప్యూటర్ మీద ఆయనకు మొదటి రోజు నుంచీ కోపమే. దానికి చోటు కావాలని వర్షిత కిటికీ దగ్గరున్న తల్లి కుట్టుమిషన్‌ను వసారాలోకి జరిపింది. పుష్పావతి పోయి నాలుగేళ్లు. మోటారు బిగించిన ఆ మిషన్ మీదే ఆమె ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు రవికెలు కుట్టింది. మిషన్ వసారాకు పోయినా, ఆమె కాళ్ల కింద వేసుకునే చెక్క పీటను మాత్రం వర్షిత పోనివ్వలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తన కాళ్ల కింద వేసుకుంటోంది.

"నీకేం పీట?" అన్నాడు ఆయన ఒకరోజు. "మీ యమ్మ పొట్టిది, కాళ్లు అందక ఏసుకునింది. నువ్వు కరెంటు కంబమంత ఉండావు."

వర్షిత పీటను ఇంకా దగ్గరికి లాక్కుంది. అంతకుముందు, కంప్యూటర్ వచ్చిన రోజే, డబ్బాను ముట్టుకుంటే జిల్లుమంటోందని చెప్పింది. "నీ బ్రమ" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

డబ్బాను దుప్పట్లో చుట్టి ఇద్దరూ మదనపల్లె బస్సెక్కారు. మారప్ప దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఏముందప్పా అని కండక్టర్ అడిగితే, "దరిద్రం" అన్నాడు.

"దానికి ఫుల్ టికెట్టు" అన్నాడు కండక్టర్. వెనక సీట్లో ఎవరో నవ్వారు. మారప్ప నవ్వలేదు.

రఫీ మీట నొక్కగానే కంప్యూటర్ బుద్ధిగా లేచింది. రఫీ దాన్ని నమ్మలేదు. కార్డు ఊడదీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు. కేబుల్ మార్చాడు. లోపలికి కరెంటు ఇచ్చే పెట్టె మార్చి చూశాడు. కార్డును వేరే కంప్యూటర్లో పెట్టి, దాని మీద బరువు వేసే పరీక్ష రెండు గంటలు నడిపాడు. తెర మీద రంగుల చక్రం ఒక్కసారి కూడా తడబడకుండా తిరిగింది. మారప్ప స్టూలు మీద కూర్చుని ఆ చక్రాన్ని పగవాడిని చూసినట్టు చూశాడు.

"కార్డులో ఏమీ లేదు మామా" అన్నాడు రఫీ చివరికి. "మీ ఇంట్లో ఎర్తు సరిగా ఉండాదా? అది లేకుంటే కార్డులు ఇట్లే మొరాయిస్తాయి."

మారప్ప స్టూలు మీది నుంచి లేచాడు. పుంగనూరులో ముప్పై ఏళ్లుగా మోటారు వైండింగ్ అంగడి ఆయనది. సోమల దాకా బోరు మోటారు కాలిపోతే ఆయన దగ్గరికే తెస్తారు. ఎర్తు ఎందుకు దండగ అనే రైతులకు ఆయన చెప్పే మాట ఒకటుంది. తప్పిపోయిన కరెంటుకు భూమిలోకి దారి ఉండాల, లేకుంటే ముట్టుకున్న మనిషినే దారి చేసుకుంటాది.

"ఏమంటివి?"

"అడిగినా మామా, అంతే."

"నేను మోటార్లు కట్టేనాటికి నువ్వు లాగు తొడుక్కోను కూడా నేర్చలే. ఈ తట్టు సగం బోర్లకు ఎర్తు పూడ్చిండేది నేను. నా ఇంటికి వైరు లాగింది నేను. నన్ను పట్టుకోని ఎర్తు ఉండాదా అంటావా? పాత కార్డుకు కొత్త అట్టపెట్టె ఏసి అంటగట్టి, ఇప్పుడు తప్పు నా ఇంటి మీదికి తోస్తాండావు."

అంగట్లో నలుగురు ఉన్నారు. నలుగురూ చేతిలో పని ఆపారు. రఫీ ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. వర్షిత వైపు తిరిగి, డబ్బాను ముట్టుకుంటే ఎప్పుడన్నా షాక్ కొట్టినట్టు ఉందా పాపా అని అడిగాడు.

వర్షిత తండ్రిని చూసింది. వింటున్న నలుగురినీ చూసింది.

"ఏం లేదన్నా" అంది.

ఒకసారి ఇంటికొచ్చి ప్లగ్గులు చూస్తానని రఫీ అన్నాడు. నా ఇంట్లో కాలు పెట్టొద్దని చెప్పి మారప్ప డబ్బా ఎత్తుకున్నాడు.

ఇంట్లో పెట్టిన పావుగంటకు గీతలు వచ్చాయి. తర్వాత నలుపు. అప్పుడే హరినాథ్ ఫోన్ చేశాడు. వర్షిత సోమవారం వస్తాను సార్ అని ఫోన్ పెట్టేసి, బీరువా మీది నుంచి బ్యాగు దించింది.

మారప్ప గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్లకు ఎప్పటిలాగే రబ్బరు చెప్పులు. ఇంట్లో కూడా విడవడు. కరెంటు పనోడికి అవే దేవుళ్లు అంటాడు. ఇంట్లో చెప్పులేమిటని పుష్పావతి పోయేదాకా పోట్లాడింది.

"పోతావా?"

"పోతా."

"పో. నాయన ఒంటిగా సంగటి కెలుక్కుంటాడు, నీకేమి. ఆ రఫీగాడు నలుగురిలో నా పనికి వంక పెడతాంటే చూస్తా నిలబడితివే. నా పక్క ఒక్క మాట రాలేదే నీకు."

వర్షిత చేతిలోని బట్టలు మంచం మీద పడేసింది.

"నీ పక్కే మాట్లాడినా నాయనా. నీ కోసమే అబద్దం చెప్పినా."

"ఏం అబద్దం?"

ఆమె కంప్యూటర్ బల్ల కింది పీటను కాలితో ఆయన ముందుకు తోసింది. పీట గచ్చు మీద గీసుకుంటూ వచ్చి ఆయన చెప్పులకు తగిలి ఆగింది.

"అమ్మ పొట్టిదని కాదు ఇది ఏసుకునింది."

"మరి యాల?"

"మిషను జిల్లుమంటాందని నీకు చెప్పింది. అప్పుడు నాకు ఏడో తరగతి. ఈ గడప మీదనే కూర్చోని లెక్కలు చేసుకుంటాండాను. నువ్వు అన్నం తింటాండావు. తల కూడా ఎత్తలే. నీ బ్రమ అంటివి. అమ్మ మళ్లా చెప్పలే. పెరట్లో పడిండే పీట కడిగి తెచ్చుకునింది."

మారప్ప ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"నేల మీద కాళ్లు పెట్టి మిషను ముట్టొద్దు పాపా అని నాకు చెప్పింది. నాయనకు చెప్పొద్దు, ఆయన పనికి వంక పెట్టినట్టు ఉంటాది అనింది. ఎనిమిదేండ్లు అట్లే కుట్టింది. ఈ పొద్దు అంగట్లో నేను చేసిందీ అదే. నీ మర్యాద కోసం నా పని పోగొట్టుకుంటిని. కార్డు పోయిందని కాదు నాయనా నేను పోతాండేది. ఈ ఇంట్లో నేను కూడా పీట ఏసుకోని బతకలేను."

"మాటలు బాగా నేర్చినావు" అన్నాడు మారప్ప. గొంతు పెద్దదిగా రావలసింది. రాలేదు. వెనక్కి తిరిగి వసారాలోకి పోయాడు.

కుట్టుమిషన్ మీద పాత చీర కప్పి ఉంది. చీర తీశాడు. ప్లగ్గు పెట్టి మీట వేశాడు. జేబులో ఎప్పుడూ ఉండే టెస్టర్‌ను మిషన్ చక్రానికి ఆనించాడు. లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది. ఊరందరి మోటార్ల మీదా పెట్టిన టెస్టర్ అది. ఈ మిషన్ మీద ఒక్కసారి కూడా పెట్టలేదు.

చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచాడు. గచ్చు చల్లగా తగిలింది. చక్రం మీద చెయ్యి వేశాడు.

జిల్లుమంది.

పెద్ద దెబ్బేం కాదు. మోచేతి దాకా చీమలు పాకినట్టు. చంపేది కాదు. ఒకసారి చెప్పి, నమ్మకపోతే, ఎనిమిదేళ్లు ఓర్చుకోగలిగేది. ఆయాసంగా ఉందని కూడా పుష్పావతి ఒక్కసారే చెప్పింది. ఎండల్లో అందరికీ ఉంటాదిలే అన్నాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. రెండోసారి డాక్టరు చెప్పాడు, అప్పటికి చెయ్యడానికేం లేదు.

ఆయన ఏడవలేదు. పెరట్లోకి పోయి, కొళాయి పక్కన గోడ మీది సున్నాన్ని గోటితో గీకాడు. పెళ్ల ఊడి, లోపల పచ్చ వైరు కొస కనిపించింది. ఇంట్లో ప్రతి ప్లగ్గు నుంచి ఎర్తు వైరు లాగి, అన్నింటినీ కలిపి ఇక్కడ బయటికి తీసింది ఆయనే. భూమిలో పైపు పూడ్చి దానికి కలపాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది, వచ్చే వారం చూద్దాం అనుకున్నాడు. ఇరవై రెండేళ్లయింది. ఏటా సున్నం కొట్టినప్పుడల్లా ఆ కొస మీద ఒక పూత పడింది. ఆయన మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండటం అలవాటు చేసుకున్నాడు.

ఫోన్ తీశాడు.

"రఫీ. నా ఇంట్లో ఎర్తు లేదు."

"ఉప్పూ బొగ్గులూ ఉండాయా మామా?" అని అడిగాడు రఫీ.

"ఉప్పు ఉండాది. బొగ్గుల్లేవు."

"పొద్దున్నే తెస్తా."

లోపల బ్యాగు సర్దుతున్న వర్షితకు పెరట్లో గడ్డపార రాతిని తాకిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూసింది. తండ్రి వట్టి కాళ్లతో గుంత తవ్వుతున్నాడు. సాయం పోలేదు. కానీ సర్దడం ఆపి, నేల మెత్తబడటానికి బిందెడు నీళ్లు తీసుకుపోయి గుంత పక్కన పెట్టి వచ్చింది.

శనివారం తెల్లారి రఫీ బొగ్గుల మూటతో వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"కాలు పెట్టొద్దంటివి గదా మామా."

"ముందు చెయ్యి పెట్టు. కాలు సంగతి తర్వాత చూద్దాం" అని మారప్ప ఇనుప పైపు రెండో కొస అతని చేతికిచ్చాడు. అంతకుమించి క్షమాపణ ఆయన నోట రాలేదు. రఫీ అడగలేదు.

పైపు నిలబెట్టారు. తడి నిలవడానికి చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు వేశారు. పచ్చ వైరు కొస గీరి, పైపుకు బిగించి, నీళ్లు పోశారు. ఎండిన నేల బిందె తర్వాత బిందె తాగింది. అప్పుడు మారప్ప ముందుగదిలోకి వచ్చి కంప్యూటర్ మీట వేశాడు. బల్ల కింది పీటను తనే పక్కకు తీశాడు.

"నేల మీద నిలబడు పాపా. చెయ్యి పెట్టు."

వర్షిత గచ్చు మీద పాదాలు ఆనించి డబ్బా మీద అరచెయ్యి పెట్టింది.

"జిల్లుమంటాందా?" అని అడిగాడు.

ఆ ఇంట్లో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. అడిగిన తర్వాత ఆయనకే ఆ సంగతి తెలిసింది. గోడ వైపు తిరిగాడు.

"లేదు నాయనా" అంది వర్షిత.

మధ్యాహ్నం దాకా గీతలు రాలేదు. సాయంత్రానికి రెండు ఇళ్లు కుప్పం చేరాయి. మిగిలిన రెండూ సోమవారం పొద్దున ఇస్తానని ఆమె చెబితే, హరినాథ్ గొణిగి ఒప్పుకున్నాడు. బ్యాగు ఇంకా మంచం మీదే ఉంది. అందులోంచి దువ్వెన మాత్రం బయటికి వచ్చింది.

ఆదివారం పొద్దున వర్షిత లేచేసరికి మారప్ప పెరట్లో పీట వేసుకుని కూర్చుని, పైపు మొదట్లో చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. తడి ఆరితే ఎర్తు పనిచెయ్యదు. రోజూ పొయ్యాలి. చెప్పులు గడప అవతల ఉన్నాయి.

ఆమె వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన తల తిప్పలేదు. చెంబు ఖాళీ అయినా వంచే ఉంచాడు. గడ్డం మీది నుంచి నీటి చుక్క ఒకటి మోకాలి మీద పడింది.

"నాకు చెప్పొద్దని మీ యమ్మ ఇంకేమేం చెప్పింది?"

వర్షిత ఆయన చేతిలోని ఖాళీ చెంబును చూసింది.

"చానా ఉండాయి నాయనా."

మారప్ప చెంబు కింద పెట్టాడు.

"చెప్పు" అన్నాడు. "వింటాండాను."