ఆమెన్ అనేలోపు

గుడివాడ బైపాస్ మీద రాజబాబు చనిపోయిన పూట ఎండ పెళపెళలాడుతోంది. చక్కగా పోతున్న ఎలక్ట్రిక్ కారు నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకనుంచి చేపల లారీ దూసుకొస్తోంది. రాజబాబు వెనక సీట్లోని డాక్టర్ కృపావతిని బయటికి లాగి, పంటబోదె గట్టు మీదికి తోశాడు. తను తప్పుకోవడానికి టైము చాల్లేదు. కారు నుజ్జయింది. లారీ ఆగలేదు, దొరకలేదు.

పేపర్లో యాక్సిడెంట్ అని వేశారు. బెన్నీ నమ్మలేదు. అతనికి సీక్రెట్ ఏజెంటు పని నేర్పింది రాజబాబే.

నెల తిరక్కుండానే పిలుపొచ్చింది. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు. గుమ్మంలో లుంగీ కట్టుకుని కూర్చున్న పెద్దాయన తలెత్తలేదు.

"నల్లరంగు ఆరిందాండీ?" బెన్నీ గుర్తుమాట అడిగాడు.

"ఎండ చాల్లేదు. లోపలికి రా."

ఆ లుంగీ మనిషే చీఫ్ ఈశ్వరప్రసాద్.

"నాగాయలంక అవతల మన రాడార్ కేంద్రానికి వారం వారం కోడ్ మార్చేది కృపావతిగారే. కోడ్ ఆవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆవిడ వెళ్ళని వారం రాడార్ గుడ్డిదైపోతుంది. సముద్రం అవతలి ముఠాకి అది చాలు."

"కొత్త కారు ఇచ్చారుగా సార్?"

"అదీ అలాగే ఆగుతోంది. కాసేపటికి దానంతటదే నడుస్తోంది. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఫాల్టేమీ లేదంటారు. నువ్వు డ్రైవర్‌గా వెళ్ళు. ఎప్పట్లాగే పక్కన లైజాన్ ఆఫీసర్ తనూజ ఉంటుంది. చాలా నమ్మకస్తురాలు."

చీఫ్ ఇలా సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళలో సగంమంది ఇప్పుడు జైల్లో ఉన్నారు.

తనూజ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, సెంటు వాసనతో గుడివాడలోని కృపావతి ఇంటికి వచ్చింది. ఆమె నవ్వితే ఎదుటివాడికి దారి గుర్తుండదు. ముగ్గురూ కారెక్కారు. కృపావతి తల వంచి ప్రయాణపు ప్రార్థన చేసింది. బెన్నీ కళ్ళు మూసుకున్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ప్రార్థనలో కళ్ళు తెరిచి ఎరగడు.

బందరు దాటి, చల్లపల్లి చేరకముందే కారు ఆగిపోయింది. బెన్నీ దిగి బానెట్ ఎత్తాడు. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మామూలుగా వెలుగుతోంది.

"నెట్టమంటావా?" అంది తనూజ, నవ్వుతూ.

ఇంటికి చేరాక బెన్నీ చొక్కా విప్పి పనిలోకి దిగాడు. చిన్న బ్యాటరీ బాగుంది. ఉప్పుగాలికి ఎర్తు వైర్లు తుప్పు పట్టాయేమోనని గోకి చూశాడు, పట్టలేదు. ప్రతి కనెక్టర్‌నీ పట్టుకుని ఊపాడు, ఏదీ కదల్లేదు. కానీ తను రహస్యంగా అమర్చిన రికార్డర్ వేరే కథ చెప్పింది. పెద్ద బ్యాటరీ ప్లగ్ ఊడిపోయిందని కారు కంప్యూటర్‌కి ఎవరో కబురు చేస్తున్నారు. అది భయపడి కరెంటు ఆపేస్తోంది. ప్లగ్ మాత్రం గట్టిగానే ఉంది.

అంటే దూరంనుంచి మీట నొక్కితే కంప్యూటర్‌తో అబద్ధమాడే పరికరం ఒకటి కారులోకి వస్తోంది, పోతోంది. పోయేది తను బానెట్ ఎత్తినప్పుడు. మరి వచ్చేదెప్పుడు? పొద్దున అణువణువూ స్కాన్ చేశాక కారు తన కళ్ళముందే ఉంది. రెప్ప కూడా వెయ్యలేదే!

వేశాడు. ఆమెన్ అనేదాకా వేసే ఉంచాడు.

రాజబాబూ అలాగే కళ్ళు మూసుకుని ఉంటాడు. ఆ రోజు తనూజ మందుల షాపు దగ్గర ముందే దిగిపోయిందని రిపోర్టులో ఉంది.

చీఫ్‌కి కబురు పెట్టి, కృపావతికి అంతా చెప్పాడు. "ఈసారి మీరు రావద్దండీ."

"నేను లేకపోతే ఆ పిల్ల కారెక్కదు బాబూ. లారీ కూడా రాదు. రాజబాబు నాకోసం పోయాడు. నేనొస్తాను."

తర్వాతి వారం కృపావతి తల వంచింది. బెన్నీ మొదటిసారి ఒక కన్ను ఓరగా తెరిచాడు. తప్పు చేస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. తనూజ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి డాష్‌బోర్డ్ కిందికి పోయి, ఖాళీగా తిరిగొచ్చింది. దాన్ని ఎక్కడ గుచ్చిందో మాత్రం కనబడలేదు.

"ఆమెన్," అంది తనూజ అందరికంటే ముందు.

మోపిదేవిలో ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇక్కడ ఆపు. గుళ్ళో మొక్కుంది."

"వచ్చేటప్పుడు తీర్చుకుందురు గాని మేడమ్."

"ఆపమన్నానా!"

బెన్నీ ఆపలేదు. అద్దంలో చేపల లారీ కనబడింది. పులిగడ్డ వంతెన మధ్యకి వచ్చేసరికి, తనూజ దిగిపోయిందనుకుని లారీలోవాళ్ళు మీట నొక్కారేమో, కారు చచ్చినట్టు ఆగిపోయింది. కింద కృష్ణ పాయ, వెనక లారీ హారన్. తనూజ తలుపు గడియ లాగింది. అది ఊడబోయే పన్నులా ఆడింది.

"తియ్యి! తలుపు తియ్యవయ్యా!"

"రాదండీ. పొద్దున్నే వైరు పీకేశాను. కారు కదలాలంటే ఏం పీకాలో మీకే తెలుసు."

లారీ అద్దం నిండా వచ్చేసింది. వెనక సీట్లో కృపావతి పెదవులు కదులుతున్నాయి. తనూజ చావుకి తెగించిన మనిషైతే ముగ్గురి పనీ అయిపోయినట్టే. తనూజ కెవ్వుమని అరిచి ముందుకి వంగింది. డాష్‌బోర్డ్ కిందనుంచి లిప్‌స్టిక్ ఊడి చేతికొచ్చింది. స్క్రీన్ వెలిగింది. బెన్నీ యాక్సిలరేటర్ నేలకంటా తొక్కాడు. లారీ బంపరు వెనక అద్దాన్ని పగలగొట్టింది గానీ మనుషుల్ని అందుకోలేకపోయింది. వంతెన చివర కాపుకాసిన చీఫ్ మనుషులు కారుకి దారిచ్చి, లారీకి అడ్డం పడ్డారు.

ఆ వారం కోడ్ మారింది. రాడార్ చూస్తూనే ఉంది.

మళ్ళీ వారం పొద్దున కృపావతి ఇంటిముందు కారు సిద్ధంగా ఉంది. ముందు సీటు ఖాళీ. ప్రార్థన మొదలైంది. కిందటివారం అంటిన అలవాటు కొద్దీ బెన్నీ ఓరకంట అద్దంలోకి చూశాడు. వెనక సీట్లోంచి ఒక కన్ను అతన్నే చూస్తోంది.

"నువ్వు మూసుకో బాబూ," అంది కృపావతి. "ఈ పూట డ్యూటీ నాది."