తలుపుకి తగిలించని రొట్టె సంచి

ఆ బుధవారం ఉదయం కూడా ఫెలిజ్మీన గారి బల్ల మీద రొట్టె లేదు. పాల కాఫీలో ఎండు బిస్కెట్ ముంచుకుంటూ, ఇది మూడో రోజని ఆవిడ నొచ్చుకుంది. పోర్చుగల్ దేశంలో, కోయింబ్ర ఊళ్ళోని ఆ వీధికి రొట్టెలు తెచ్చే అర్మీందు ఇరవై రెండేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. పోయిన వారం రొట్టె గట్టిగా ఉందని తను అన్న మాటకు అలిగాడేమోనని ఆవిడ దిగులు.

ఎదురుగా కూర్చున్న వాయ్ లెంగ్‌కి ప్రతి మాటా అర్థమవుతూనే ఉంది. తల వంచుకుని తన బిస్కెట్ తనూ ముంచుకుంది. రొట్టె ఎందుకు రావడం లేదో ఆ ఇంట్లో తెలిసింది ఆ అమ్మాయి ఒక్కదానికే.

చైనాలోని మకావ్ నుంచి పోర్చుగీసు చదవడానికి వచ్చి, ఎనిమిది నెలలుగా ఆవిడ ఇంట్లో గది తీసుకుని ఉంటోంది. ఫెలిజ్మీన మోకాళ్ళు రెండంతస్తుల మెట్లు దిగనివ్వవు. అందుకని రాత్రి గుడ్డసంచిని వీధి తలుపుకి తగిలించడం, పొద్దున్నే నిండిన సంచిని పైకి తేవడం వాయ్ లెంగ్ పని. చిక్కల్లా, ఏడింటికి తలుపు తీసేసరికి అర్మీందు ఎదురుగా ఉంటాడు. ఊపిరి తీసుకోకుండా పది ప్రశ్నలు వేస్తాడు. పోయిన శనివారం అన్నిటికీ అవునని తలూపితే, ఎదుటి కాఫీ కొట్టు ముందున్న వాళ్ళంతా పకపకా నవ్వారు. తనకి పెళ్ళయిందనీ, ముగ్గురు పిల్లలనీ ఒప్పుకుందట.

వాళ్ళకది సరదా. ఆమెకు మాత్రం శుక్రవారం పోర్చుగీసులో మాట్లాడే పరీక్ష ఉంది. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, చదువు వదిలి ఇంటికి వెళ్ళాల్సిందే. రొట్టెలతనితోనే మాట్లాడలేనిదాన్ని పరీక్షలో ఏం మాట్లాడతానని హడలిపోయి, ఆదివారం రాత్రి సంచిని బీరువాలో బట్టల కింద దాచేసింది. సంచి లేకపోతే అర్మీందు ఆగడు. అంతవరకే ఆలోచించింది.

కానీ ఆ వీధిలో సంచి కనపడలేదంటే ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళి ఉండాలి, లేదా ప్రాణం పోయి ఉండాలి. ఆ సంగతి అప్పటికి ఆమెకెవరూ చెప్పలేదు. అర్మీందు రెండు రోజులు తలుపు కూడా కొట్టాడు. చెవులు మందగించిన ఫెలిజ్మీనకి వినపడలేదు. వినపడిన పిల్ల కదలలేదు.

కాఫీ ముగిసేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఫెలిజ్మీన కూతురు ఒడెత్ తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చింది, వెనక టోపీ చేత్తో పట్టుకుని అర్మీందు. అతను ఫోన్ చేస్తే అవైరు అనే ఊరి నుంచి కారులో ఒక్క ఉదుటున వచ్చిందట. తల్లి ఫోన్ ఎప్పటిలాగే చార్జింగ్ లేక సొరుగులో పడి ఉంది. బిస్కెట్ తింటున్న తల్లిని చూసి ఒడెత్ గోడకి చేరగిలబడి ఏడ్చింది. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది.

"దారి పొడుగునా శవపేటికలో నీకేం తొడగాలా అని ఆలోచించుకుంటూ వచ్చానమ్మా, నీ నల్ల గౌనా, నీలం గౌనా అని. ఇంక చాలు. ఇల్లు మూసేసి నాతో వచ్చెయ్."

"సంచి రోజూ తగిలించేది ఈ పిల్లే కదా," అంది ఫెలిజ్మీన అయోమయంగా.

అందరూ వాయ్ లెంగ్ వైపు తిరిగారు. "ఆ అమ్మాయినేం అడుగుతావులే. దానికేం అర్థమవుతుంది?" అంది ఒడెత్.

ఆ మాట వాయ్ లెంగ్‌కి చురుక్కుమంది. లేచి గదిలోకి వెళ్ళి, సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేను దాచాను. అర్మీందు గారు మంచివారు. కానీ తొందరగా మాట్లాడతారు. నాకు భయం. అందరూ నవ్వుతారు. నాకు సిగ్గు."

అక్కడితో ఆగలేదు. ఎనిమిది నెలలుగా దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. తప్పిన పరీక్ష గురించి, శుక్రవారం పరీక్ష గురించి, అన్నీ బాగున్నాయని అమ్మకి చెబుతున్న అబద్ధాల గురించి, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడవడం గురించి చెప్పింది. మాటమాటకీ తప్పులే. ఎవరూ దిద్దలేదు.

"అందుకా నీళ్ళ బిల్లు అంతొచ్చింది," అంది ఫెలిజ్మీన. కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పిల్ల చేయి పట్టుకుంది. "మేం ఫ్రాన్స్‌కి కూలికి పోయినప్పుడు, మొదటి ఏడాదంతా నేను రొట్టెల కొట్టు గడప తొక్కలేదు. కొట్టావిడ ఏదైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక. నాకైతే పంపడానికి ఒడెత్ ఉంది. నీకెవరున్నారే తల్లీ?"

ఒడెత్ తల దించుకుంది. అప్పుడామెకి ఆరేళ్ళు. డబ్బులు గుప్పిట్లో పట్టుకుని రోజూ వెళ్ళేది. "మీ అమ్మకేం అర్థం కాదు కదూ" అని ఆ కొట్టావిడ నవ్వితే ఇంటికొచ్చి తల్లి మీదే అరిచేది. ఆ మాటే ఇందాక తన నోట వచ్చింది. వాయ్ లెంగ్ పక్కన కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, తనని క్షమించమని అడిగింది. ఇల్లు మూసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రాత్రి సంచి తలుపుకెక్కింది. గురువారం లేవడం ఆలస్యమై, వాయ్ లెంగ్ దిగేసరికి అర్మీందు వెళ్ళిపోయాడు. శుక్రవారం మాత్రం ఏడింటికి ముందే తలుపు తీసింది.

అర్మీందు రొట్టెలు సంచిలో వేసి, ఈ పిల్లని మళ్ళీ బెదరగొట్టకూడదని పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. ఆమె సంచి అందుకుంది.

"ఏమిటి అర్మీందు గారూ, మాట్లాడరేం? బతికే ఉన్నారా? మీ ఇంటి తలుపుకి సంచి లేదా ఇవాళ?"

అతను టోపీ తీసి మరీ నవ్వాడు. కాఫీ కొట్టు ముందున్నవాళ్ళూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. చెవులు మందగించినా, మెట్ల పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ ఫెలిజ్మీనకి ఆ నవ్వు వినపడింది. ఆవిడ ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుని, పరీక్షకి వెళ్ళే పిల్ల కోసం పాలు వెచ్చబెట్టడానికి లోపలికి నడిచింది.