రంగుల బడి వెనక గది

బొమ్మలెయ్యడం నేర్పే ఆ రంగుల బడి మేడ మీద ఒక వెనక గది ఉండేది. పొద్దు వాలాక అటువైపు ఎవరూ తొంగి చూసేవాళ్ళు కాదు. మనిషిని తగలబెట్టే గది అని దానికి పేరు.

ఏడేళ్ళ కిందట అందులో మంట లేచి, లోపల కునుకు తీస్తున్న విద్యార్థిని కాలిపోయింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుండేది. అతనికి సిగరెట్టు అలవాటు కూడా. ఇంకేం కావాలి... అతన్ని మెట్ల మీద పట్టుకుని ఆ గది దాకా ఈడ్చారు. బొమ్మలు నిలబెట్టే ఈజిల్ కర్రలు విరిగేదాకా కొట్టారు. "నేను కాదు బాబూ... నేను కాదు" అంటూనే ఆ గుమ్మంలో ప్రాణం వదిలాడు. గుంపులో పని కదా — ఎవరి దెబ్బకి పోయాడో తేలలేదు.

ఆ తర్వాత రెండుసార్లు, లోపల మనిషన్నవాడు లేకుండానే మంట లేచింది. చచ్చినవాడు ఊరుకోడన్నారు.

ఇదంతా మా పిన్ని చెప్పింది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాక, ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటానని ఆ బడిలో చేరింది. "ఆపిల్ వేస్తే బంగాళాదుంప అయిందిరా. మాస్టారు మంచివారు, బంగాళాదుంప బాగా కుదిరిందన్నారు" అని నవ్వేది.

మాస్టారికి అరవై దాటాయి. ఒంటరి మనిషి, కింది వాటాలోనే ఉండేవారు. ముందు పల్చటి రంగు, దాని మీదే నూనె ఎక్కువున్న రంగు, తిరగేస్తే బొమ్మ బీటలు వారుతుందని రోజూ చెప్పేవారట. కుంచెలు తుడిచిన గుడ్డలు మాత్రం వెనక గదిలో పడెయ్యాలి. లోపలికెళ్ళి సర్దే ధైర్యం ఎవరికుంది? గుమ్మంలోంచే విసిరేసి, తలుపు లాగేసి వచ్చేవాళ్ళు. మాస్టారూ అంతే, పిన్నీ అంతే.

ఒక సాయంత్రం బయట వాన. అందరూ వెళ్ళిపోయారు. పిన్ని ఒక్కతే మేడ మీద కూర్చుని, కాన్వాసు మీద ఎండిన రంగుని కత్తితో గీకుతోంది.

కరెంటు పోయింది.

చీకట్లో... చిటపట. ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం. తర్వాత కమురు వాసన. వెనక గది తలుపు కింద ఎర్రటి గీత.

పారిపోవాలనే అనుకుంది. కానీ ఆ కాలిపోయిన పిల్ల గుర్తొచ్చింది. లోపల ఎవరైనా ఉంటే? వెళ్ళి తలుపు తోసింది.

పొగ మొహం మీద కొట్టింది. మూలన ఏదో కుప్ప, ఊపిరి తీస్తున్నట్టు ఎర్రబడుతూ, నల్లబడుతూ... రెండడుగులు వేసిందో లేదో కళ్ళు తిరిగి మోకాళ్ళ మీద పడింది.

అప్పుడు పట్టుకుంది — జుట్టు. వెనక నుంచి, కుదుళ్ళు పెళ్ళగిలేలా.

పిన్ని చేతిలో కత్తి ఉంది. తల వెనక్కి పొడిచింది. మెత్తగా దిగింది. మళ్ళీ పొడిచింది. మూడోసారి ఎముక తగిలింది. వేడి నెత్తురు మెడ మీదకి కారింది. అయినా ఆ పట్టు వదల్లేదు. గుమ్మం దాటించింది, మెట్ల మీద ఈడ్చింది. ఒక్కో మెట్టూ వీపుకి తగులుతుంటే, వాచ్‌మన్‌ని ఈడ్చిన మెట్లివేనని తెలుస్తూనే ఉందట.

వానలో పడ్డాక కళ్ళు తెరిచింది. పక్కన మాస్టారు. ముంజేయి చీలిపోయి ఉంది.

"లోపలికెందుకు వెళ్ళారమ్మా..." అన్నారాయన.

"మీరా మాస్టారూ? నేను వాడనుకుని..."

"నేనూ వాడనే అనుకున్నాను. ఇవాళ మిమ్మల్ని తీసుకుపోతున్నాడనుకున్నాను."

పిన్ని చేతిరుమాలు మడతపెట్టి, ఆ గాయాన్ని రెండు చేతులా నొక్కి పట్టుకుంది.

ఫైరింజను వచ్చింది, మంట ఆరింది. ఫైరాఫీసరు ఒక పట్టకారుతో సగం కాలిన గుడ్డల ముద్ద తెచ్చి వాళ్ళ ముందు పడేశాడు. ఇంకా పొగలు కక్కుతోంది.

"రంగుల్లోని అవిసె నూనె అంటిన గుడ్డలు కుప్ప పోస్తారా ఎవరైనా? గాలాడకపోతే లోలోపల వేడెక్కి వాటికవే అంటుకుంటాయి. ఎండేసి పారెయ్యాలి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచాలి."

మాస్టారు ఆ ముద్దనే చూస్తున్నారు. "ఎవరూ... అంటించకుండానా?"

"అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు."

"ముందు కూడా... ఏడేళ్ళ కిందట కూడా ఈ గుడ్డలు అక్కడే ఉండేవి."

"అయితే అప్పుడూ ఇదే అయి ఉంటుంది" అని అతను వెళ్ళిపోయాడు.

వాన ఆగింది. మాస్టారు ఆ మెట్ల వైపు చూశారు. తర్వాత, పిన్నికి మాత్రమే వినపడేట్టు అన్నారట —

"మొదటి దెబ్బ నాదేనమ్మా."

ఆ చెయ్యి వదిలేద్దామనిపించింది పిన్నికి. నెత్తురు ఇంకా వస్తూనే ఉంది. మొహం తిప్పుకుని, నొక్కి పట్టుకునే కూర్చుంది.