చివరి బల్ల మీది సూది

మీటర్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో చివరి బల్లకి మంచి పేరు లేదు. చీకటి పడితే అటువైపు ఎవరూ వెళ్లరు. ఓనరుకి దెయ్యాల మీద నమ్మకం లేదట. ఆ మాట అందరికీ చెప్పి మరీ, పొద్దుగూకకముందే తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి జారుకుంటాడు.

ఆ బల్ల మీద ఒక కొలతల పెట్టె ఉంది. బాగుచేసిన మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో అలాంటి పెట్టెతోనే చూస్తారు. గాజు వెనక ఓ సన్నటి సూది. అది నడిమి గీత మీద కదలకుండా నిలబడాలి.

నిలబడేది కూడా... దగ్గర్లో ఎవరూ లేనంతసేపు.

మొదట చూసింది వాచ్‌మన్. ఓ రాత్రి టార్చి వేసుకుని పెట్టె మీదికి వంగాడట. సూది మెల్లగా... చాలా మెల్లగా... కుడివైపుకి జరిగింది. చటుక్కున వెనక్కి తగ్గాడు. కాసేపటికి సూది కూడా వెనక్కి తగ్గింది. ఇంకేముంది, తెల్లారేదాకా గేటు బయట నిలబడే కాపలా కాశాడు.

"ఆ కుర్రాడే... ఇంకా పని మీదే ఉన్నాడు" అని మర్నాడు గుసగుసగా చెప్పాడు.

ఆ కుర్రాడంటే ఆ బల్ల దగ్గర పనిచేసినవాడు. ఓ వానరోజు సాయంత్రం, రేపొచ్చి చూస్తానని పెట్టె వెనక మూత కూడా బిగించకుండా ఇంటికి బయలుదేరాడు. ఇల్లు చేరలేదు. దారిలో లారీ గుద్దేసింది. ఆ తర్వాత ఆ పెట్టె స్విచ్ ఆపడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

వాచ్‌మన్ మాట విని భయపడనిది ఒక్కతే — ఆ కుర్రాడి అక్క. అదే వర్క్‌షాపులో ఆమెదీ అదే పని. తమ్ముడికి సోల్డరింగ్ నేర్పింది ఆమే.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, చివరి బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెట్టె మీదికి వంగింది.

"ఒరేయ్... నువ్వేనా?"

సూది కదిలింది.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పేసింది. చెప్పకూడదనే అనుకుంది గానీ నోరు ఆగలేదు. కొడుకు పోయినప్పట్నుంచీ మంచం దిగని మనిషి, ఆ రాత్రి లేచి పొయ్యి వెలిగించింది.

అక్కణ్నించి రోజూ పొద్దున్నే అమ్మ గుమ్మందాకా వచ్చి కూతురికి ప్రశ్నలు అప్పజెప్పేది. నొప్పేమీ లేదు కదా అని అడుగు. నా మీద కోపం లేదు కదా అని అడుగు. ఆ రోజు వానలో వెళ్లొద్దని గట్టిగా చెప్పలేకపోయాను, అది మనసులో పెట్టుకోలేదు కదా అని అడుగు...

అక్క అడిగేది. సూది కదిలేది. కదిలితే అవునని అర్థం. అందుకే తల్లీకూతుళ్లిద్దరూ అవునని వినాలనుకున్నవే అడిగేవాళ్లు. అక్క ఏడిస్తే సూది ఇంకాస్త ఎక్కువ కదిలేది.

అంత పనిమంతురాలికి అనుమానం రాలేదా అంటే... రానివ్వలేదు. ఇంకే పెట్టెలో సూది అలా తిరిగినా చిటికెలో కారణం తేల్చేసేది. ఈ పెట్టె వెనక్కి మాత్రం ఒక్కసారీ తొంగిచూడలేదు.

చలికాలం చివర్లో ఓ చిన్న పార్సిల్ వచ్చింది. తమ్ముడు బతికుండగా తెప్పించమన్న ప్రెసిషన్ రెసిస్టరు, కరెంటుకి కచ్చితంగా ఇంతే అని అడ్డుపడే భాగం. చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది, లోపల సన్నటి తీగ చుట్టి ఉంటుంది, ఎండకీ చలికీ దాని విలువ మారదు. ఆ పెట్టెకి ప్రాణం అదే. పాతదాంట్లో తీగ తెగిపోయిందట.

ఓనరు ఆమె మొహం చూడకుండానే ఆ పార్సిల్ చేతిలో పెట్టాడు. ఉన్న ఇంకో పెట్టె కూడా మొరాయిస్తోందని, ఇది బాగవకపోతే తప్పు చెప్పే మీటర్లు బయటికి పోతాయని, వాటిని నమ్మి ఎవరో ఒకరు కరెంటు తీగ ముట్టుకుంటారని నసిగాడు.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి పెట్టెని పక్కకి తిప్పింది. ఇటు సూది, అటు వెనక భాగం, రెండూ కనిపిస్తున్నాయి. టార్చి వేసింది.

లోపల... ఎర్ర దారం.

ఆ వర్క్‌షాపులో ఓ అలవాటుంది. అసలు భాగం వచ్చేలోపు ఏదో ఒకటి పెట్టి పని నడిపిస్తే, దానికి ఎర్ర దారం కట్టాలి. ఇది అసలుది కాదు, మార్చండి అని వెనక వచ్చేవాళ్లకి గుర్తు. ఆ దారం కట్టి ఉన్నది ఓ మామూలు రెసిస్టరుకి. వేడి సోకితే చాలు, విలువ మారిపోయే రకం.

ఆమె వేలు దగ్గరికి తెచ్చింది. ముట్టుకోలేదు.

సూది జరిగింది.

వేలు తీసేసింది... కాసేపటికి సూది వెనక్కి వచ్చింది. ఊపిరి వదిలింది... మళ్లీ జరిగింది.

వాచ్‌మన్ వంగి చూసినప్పుడు బిగించని మూత సందులోంచి సోకింది అతని మొహం వేడి. తను గుసగుసలాడినప్పుడు తన ఊపిరి వేడి. అంతే... ఇన్నాళ్లూ జరిగింది అంతే.

"నువ్వు కాదు కదరా?" అంది.

దానికీ అవునన్నట్టే సూది కదిలింది.

మూత బిగించేసి, కుదరలేదని ఓనరుకి చెప్పేయొచ్చు. రేపూ వచ్చి కూర్చోవచ్చు. స్క్రూ చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ఆ దారం వాడు కట్టింది. వాడు నిజంగా అడిగింది అదొక్కటే — మార్చమని. వాడు సగంలో వదిలిన పని అది.

స్విచ్ ఆపింది. దారం కట్టినది ఊడదీసి, కొత్తది పట్టకారుతో పట్టుకుని సోల్డరింగ్ చేసింది. చల్లారేదాకా ఆగి స్విచ్ వేసింది. సూది వచ్చి నడిమి గీత మీద నిలబడింది.

"ఒరేయ్..." మొహం గాజుకి ఆనించి పిలిచింది. "ఒరేయ్... తమ్ముడూ..."

సూది కదల్లేదు. తమ్ముడు పోయిన రోజున కూడా ఆమె అంత ఏడవలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నాడే?"

అక్క దారంతో సహా ఆ మామూలు రెసిస్టరు అమ్మ అరచేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది. అమ్మ ఆ ముడి మీద వేలితో రాసింది. వాడి ముడే, సంచులకీ ఇలాగే రెండుసార్లు తిప్పి వేసేవాడంది.

"మరి ఇన్నాళ్లూ పలికిందెవరే?"

"ఎవరూ కాదమ్మా... నా ఊపిరే."

అమ్మ మెల్లగా పిడికిలి మూసింది.

"వేడి సోకితే కదులుతుందన్నావుగా... ఇప్పుడు నా చేతిలో కదులుతోందా?"

అక్క అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది.

"మారుతూనే ఉంటుందమ్మా. చూపించడానికి సూది లేదు, అంతే."

ఆ రాత్రి అమ్మ పిడికిలి విప్పలేదట.