గెస్ట్‌హౌస్ తలుపు వెనక గొంతు

చీకటి పడ్డాక ఆ గెస్ట్‌హౌస్ తలుపు ఎవరూ తీయరు.

ఆనకట్ట కట్టే రోజుల్లో ఇంజనీర్లు ఉండటానికి కట్టారట దాన్ని. పని అయిపోయింది, ఇంజనీర్లు వెళ్లిపోయారు, ఇల్లు మిగిలింది. ఆ తర్వాత ఎప్పుడో అందులో ఒక గొంతు చేరిందట. దానికంటూ సొంత గొంతు లేదు. తలుపు బయట నిలబడ్డ మనిషి ఎవరి మీద బెంగ పెట్టుకుని ఉంటే వాళ్ల గొంతుతో పిలుస్తుందట — పోయిన తమ్ముడు కావచ్చు, అలిగి వెళ్లిపోయిన పెళ్లాం కావచ్చు. పాపం కదా అని తలుపు తీశారా... ఇక అంతే.

"అంతే అంటే?" అని అడిగితే చెప్పేవాడు నోరు మెదపడు. అలా సగంలో వదిలేయడంలోనే ఉంది ఆ కథ బలమంతా.

ఇదంతా నేను విన్నమాట. ఎవరు చెప్పారో తర్వాత చెబుతాను. ముందు నేనెవరో చెప్పకపోతే మీరు నమ్మరు. చెప్పాక అసలే నమ్మరనుకోండి, అది వేరే సంగతి. నేను కుక్కని. నల్లగా నిగనిగలాడుతుంటానని బొగ్గు అని పేరు పెట్టారు. ఆ గెస్ట్‌హౌస్‌లో ఒక రాత్రంతా గడిపి బతికి బయటపడ్డవాణ్ని నేనొక్కణ్నే. తెల్లారి తన తాళ్ల కోసం వచ్చిన పడవవాడు తలుపు తోసి, గుమ్మంలో నన్ను చూసి, కెవ్వున కేకేసి మెట్ల మీద కూలబడ్డాడు. వాడి గోల మనకొద్దు. ఆ రాత్రి ఎలా మొదలైందో అది చెబుతాను.

మా ఇంట్లో మేం ముగ్గురం. మాస్టారు, అమ్మ, నేను. మాస్టారంటే బళ్లో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కారు నడపడం నేర్పే మాస్టారు. ఆయన కారుకి బ్రేకులు రెండు వైపులా ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కంగారులో ఏ గోడ మీదికో పోనిస్తే పక్క సీట్లోంచి ఆయన తొక్కుతారు. వారమంతా ఆ పక్క సీటు మాస్టారిది. ఆదివారం మాత్రం అమ్మది.

ఆదివారం వచ్చిందంటే చాలు, ఇద్దరికీ ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే బయల్దేరి ఏదో ఒకటి చూసి రాత్రికి ఇల్లు చేరాలి. వాళ్లతో పాటు నేనూ అన్నీ చూశాను. కోటలంటే కప్పులు పోయిన ఇళ్లు. జలపాతమంటే ఏమీ లేదు, నీళ్లకి తొందరెక్కువై కింద పడటం. దాన్ని చూడ్డానికని అంత దూరం వెళ్తారా, తీరా వెళ్లాక దానికి వీపు పెట్టి నిలబడి ఫొటో దిగుతారు! మనుషుల సంగతి నాకెప్పుడూ అంతుపట్టదు.

దారిలో ఏదైనా కంటికి నచ్చితే అమ్మ నోటితో చెప్పదు. తన వైపు బ్రేకు తొక్కేస్తుంది. వెనక సీట్లో ఉన్న నేను వెళ్లి ముందు సీటుకి గుద్దుకుంటాను.

"చెప్పి తొక్కవే తల్లీ! వెనక లారీవాడు వస్తుంటే?" అని మాస్టారు ఒంటికాలి మీద లేస్తారు.

"చెప్తే మీరు ఆపుతారా ఏంటి?" అంటుంది అమ్మ, అప్పటికే తలుపు తీసుకుని దిగుతూ.

ఎక్కడికెళ్లినా ఇంటికి బయల్దేరే ముందు మాకొక ఆట ఉంది. మాస్టారు నా మెడపట్టీ పట్టుకుని అరచేత్తో కళ్లు మూస్తారు. అమ్మ వెళ్లి ఎక్కడో దాక్కుంటుంది. "వెతుకు" అనగానే నేను పరిగెత్తాలి. కళ్లు మూస్తే ఏమవుతుంది చెప్పండి, ముక్కు ఎవరూ మూయలేదుగా! అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. కుట్టుమిషను నూనె, సుద్దముక్క — ఈ రెండూ కలిసిన వాసన ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు. ఆ వాసన కొసన అమ్మ ఉంటుంది. అంతకు మించి నాకు ఏ దర్శనీయ స్థలమూ అక్కర్లేదు.

మేముండేది డ్రైవింగ్ స్కూలు వెనకాల ఒక్క గదిలో. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. నీళ్లు కావాలంటే కిందకెళ్లి మోసుకురావాలి. అమ్మ రెండు బకెట్లు పట్టుకుని మెట్లెక్కుతూ మధ్యలో ఆగి నడుం పట్టుకునేది. నేను పక్కనే నిలబడి తోక ఊపేవాణ్ని. నాకు చేతనయిన సాయం అదే.

ఒకరోజు ముగ్గురం కొత్త ఇల్లు చూడటానికి వెళ్లాం. రెండు గదులు, పెద్ద కిటికీలు, వంటింట్లో తిప్పితే చాలు నీళ్లు. అమ్మ ఆ కుళాయిని నాలుగైదు సార్లు తిప్పి చూసింది. సంచిలోంచి టేపు తీసి కిటికీ కొలతలు కూడా తీసేసుకుంది, పరదాలకి. అప్పుడు ఇంటావిడ నన్ను చూసింది.

"కుక్క ఉంటే ఇవ్వనమ్మా. ముందే చెప్తున్నా, తర్వాత మాట రాకూడదు" అంది.

"అయితే మాకూ వద్దండీ. వాడు మా పిల్లాడు" అంది అమ్మ.

మాస్టారు నీళ్లు నమిలారు. నా ఛాతీ మాత్రం రెండింతలైంది. దారి పొడుగునా తల కిటికీలోంచి బయటపెట్టి, ఎదురైన ప్రతి కుక్కకీ ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ ఎందుకు మాట్లాడకుండా కూర్చుందో పట్టించుకోలేదు.

ఆ రాత్రి మాస్టారు మెల్లగా అందుకున్నారు. "కుక్క కోసం ఇల్లు వదులుకుంటామా చెప్పు?"

"ఇంకోసారి ఆ మాట అన్నారంటే ఊరుకోను. వాడు లేని ఇంట్లో నేను అడుగు పెట్టను."

ఆ మాట చెవిన వేసుకుని నేను కాళ్లు బార్లా చాపి నిద్రపోయాను.

తర్వాతి ఆదివారం ఆనకట్టకి వెళ్లాం. పొద్దుగూకుతుంటే గెస్ట్‌హౌస్ మెట్ల మీద పడవవాడు కలిశాడు. పగలు వాడు ఆ ఇంటి ముందు గదిలో తాళ్లు, తెడ్లు పెట్టుకుంటాడు. చీకటి పడే వేళకి మాత్రం ఉండడు. నేను మొదట చెప్పిన కథ వాడు చెప్పిందే. వింటూ అమ్మ నా మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. మాస్టారు ఆ కథని రెండోసారి కూడా చెప్పించుకున్నారు. దెయ్యాల మాటెత్తితే పకపకా నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

పడవవాడు వెళ్లిపోయాడు.

"మనమూ పోదాం పదండి" అంది అమ్మ.

"ఒక్క ఆట ఆడించి పోదాం. పొద్దుట్నుంచి వాడు దాని కోసమే చూస్తున్నాడు. ముందు గుమ్మంలోంచి వెళ్లి వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చెయ్యి, వాడికి దొరకవు."

"ఆ ఇంట్లోకా? అమ్మో!"

"ఇంకా వెలుతురు ఉందిగా. పిరికిదానా!"

అమ్మ నవ్వింది. నవ్వుతూనే లోపలికి పరిగెత్తింది. మాస్టారు నా కళ్లు మూశారు. ఆయన అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది... ఎప్పుడూ అలా ఉండేది కాదు. చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. వెలుతురు పూర్తిగా పోయేదాకా.

"వెతుకు" అన్నారు, గుసగుసగా.

నేను లోపలికి దూకాను. నా వెనకే ముందు తలుపు ధడాలున పడింది. గాలి అనుకున్నాను. ఆ తర్వాత గడియ — టక్ మని.

గాలికి గడియ పెట్టడం రాదు కదా అని నాకు అప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా ఆటలో ఉంది.

నూనె, సుద్ద... వాసన వసారాలోంచి పెద్ద గదిలోకి వెళ్లింది. పెద్ద గదిలోంచి నడవాలోకి. నడవా చివర వెనక తలుపు. అదీ మూసి ఉంది, అమ్మ వెళ్తూ లాగేసినట్టుంది. వాసన ఆ తలుపు కింద నుంచి జారి బయటికి వెళ్లిపోయింది.

తోశాను. కదల్లేదు. గీరాను. కదల్లేదు.

అప్పుడు వినిపించింది — నా వెనకే.

హు... హు...

కుక్కలకి దెయ్యాలు కనిపిస్తాయని మీరంటారు. నాకైతే ఇన్నాళ్లూ ఎలుకలే కనిపించాయి. కానీ ఆ పక్క గదిలో, చీకట్లో, తెల్లగా ఒకటి లేచింది. మనిషంత ఎత్తు. లేచి... నిలబడి... మెల్లగా కిందికి కూర్చుంది. మళ్లీ లేచింది.

నా వీపు మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. పారిపోదామనుకున్నాను. కానీ అమ్మ ఆ గదిలో ఉంటే? అది అమ్మని పట్టుకుని ఉంటే? కళ్లు మూసుకుని ఒక్క ఉరుకు ఉరికి దాన్ని పళ్లతో పట్టి లాగాను.

దుప్పటి! కుర్చీల మీద కప్పిన పాత దుప్పటి, పగిలిన కిటికీ అద్దంలోంచి గాలి కొట్టి లేపుతోంది. ఆ గాలిదే ఆ 'హు హు' కూడా. దుమ్ముకి నాకు తుమ్ములొచ్చాయి. సిగ్గేసింది. ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకున్నాను కూడా.

అప్పుడే బయట అమ్మ గొంతు.

"బొగ్గూ... ఒరేయ్ బొగ్గూ!"

ముందు తలుపు దగ్గరికి పరిగెత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి మొరిగాను.

"వాడు అటు పొదల్లోకి పోయాడే. నేను చూశాను" అన్నారు మాస్టారు.

"లోపల్నుంచి అరుస్తున్నాడండీ..."

"లోపల ఎవరున్నారు? పడవవాడు ఏం చెప్పాడు?"

నేను మళ్లీ మొరిగాను. నేను మొరిగినకొద్దీ అమ్మ అడుగులు వెనక్కి పడుతున్నాయి. నా గొంతు విని అమ్మ భయపడుతోంది! పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి విన్న గొంతు విని... నోరు మూసుకున్నాను. పోనీ అదైనా మంచిదేమో అనుకున్నాను.

కారు తలుపులు పడ్డాయి. ఇంజను మోగింది. చప్పుడు మెల్లగా ఆనకట్ట వైపు దిగింది...

కీచుమని బ్రేకు.

ఆ తొక్కుడు నాకు తెలుసు. అమ్మది! మాస్టారు అంత మొరటుగా ఎప్పుడూ తొక్కరు. ఆ వెంటనే చెప్పుల చప్పుడు — పరుగెత్తుకుంటూ మెట్లెక్కింది. తలుపు అవతల అమ్మ ఊపిరి. ఇవతల నేను. మధ్యలో ఒక్క చెక్క.

"నువ్వేనారా?" అంది గుసగుసగా.

నేను సన్నగా మూలిగాను.

మాస్టారి అడుగులు కాస్త దూరంలో ఆగాయి. "తియ్యకు. చెప్తున్నా, తియ్యకు."

"ఏమండీ... ఈ గడియ ఎవరు పెట్టారు?"

మాస్టారి చెప్పులు నేల మీద అటూ ఇటూ రాసుకున్నాయి.

"మనం వచ్చినప్పుడు తెరిచే ఉంది. నేను ఇటు నుంచే కదా లోపలికి వెళ్లాను. ఎవరు పెట్టారండీ?"

"నాకేం తెలుసు? తీసి చూసుకో మరి. తర్వాత నన్ను అనకు" అన్నారు మాస్టారు.

గడియ కొంచెం కదిలింది. ఆగింది.

తలుపు అడుగున చెద తినేసిన సందు ఉంది. అందులోంచి అమ్మ వేళ్లు లోపలికి వచ్చాయి... మెల్లగా. నేను ఊపిరి బిగబట్టాను. గబుక్కున మీదపడితే మళ్లీ భయపడుతుందేమో! మెల్లగా వంగి, ఒక్కో వేలూ నాకాను. నూనె. సుద్ద. సూది గుచ్చుకుని గట్టిపడ్డ చోటు.

అమ్మ ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి చేసింది. చూపుడు వేలితో నా ముక్కు తడిమింది. దెయ్యాలకి తడి ముక్కు ఉండదు. అమ్మకి తెలిసిపోయింది!

ఆనందం పట్టలేకపోయాను. మాస్టారి మీద కోపం కూడా లేదు అప్పుడు. ఆయన మోసం చేశారు, నిజమే. అయితే ఏం, అమ్మ ఉందిగా! ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అడ్డం లేకుండా నాలుగడుగులు వెనక్కి జరిగి, బుద్ధిగా కూర్చున్నాను.

"ఏముంది అక్కడ?" అన్నారు మాస్టారు.

అమ్మ వేళ్లు ఇంకా తలుపు కిందే ఉన్నాయి. గాలికి లోపలి దుప్పటి లేచి పడుతోంది. నాకు తెలిసి అమ్మ ఏ నిర్ణయానికీ అంతసేపు తీసుకోలేదు, పరదాల గుడ్డ కొనేటప్పుడు కూడా.

వేళ్లు మెల్లగా వెనక్కి వెళ్లిపోయాయి. ఆ తడిని బట్టకి తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

"ఏమీ లేదండీ" అంది, మామూలు గొంతుతో. "మీరు చెప్పిందే నిజం. లోపల ఉన్నది మనవాడు కాదు. పదండి, చీకటి పడిపోయింది."

చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

నాకు అర్థమైంది. అంతా అర్థమైంది. తోక మాత్రం నేల మీద ఇంకా టపటపా కొట్టుకుంటూనే ఉంది. దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.